తప్పు పాలదా, పాల రేటుదా? సంస్థల నిర్వహణపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఎనిమిది ప్రశ్నలు తీసుకున్నాం. పొడవైన ఉత్తరాలను కుదించాం. అంకెలు మాత్రం పాఠకులు రాసినవే. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా ఊళ్ళో పాల సేకరణ కేంద్రం నడుపుతున్నాం. పూటకు 90 మంది దాకా పోస్తారు. ఇప్పటిదాకా గేదె పాలకు లీటరు లెక్కన ఒకే రేటు. నీళ్ళు కలుపుతున్నారని తెలుస్తూనే ఉంది. మందలించాం, ఇద్దరిని వారం పాటు ఆపేశాం కూడా. వాళ్ళు తగ్గించారు, ఇంకో నలుగురు మొదలుపెట్టారు. నిర్వహణ శాస్త్రంలో దీనికేమైనా మందుందా? (కేంద్రం కార్యదర్శి, నల్లగొండ జిల్లా)

జవాబు: ఉంది. కాకపోతే ఆ మందు రైతులకు కాదు, మీ రేటు పట్టికకు వేయాలి. మీకు కావలసింది చిక్కటి పాలు. మీరు డబ్బిస్తున్నది లీటర్లకు. ఒకదానికి డబ్బిచ్చి ఇంకోదాన్ని ఆశించడం గురించి స్టీవెన్ కెర్ 1975లో రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ నిర్వహణ తరగతుల్లో చెబుతారు. మీ కేంద్రం దానికి అచ్చమైన ఉదాహరణ.

లెక్క చూడండి. 6 శాతం వెన్న ఉన్న 10 లీటర్ల పాలలో ఒక లీటరు నీళ్ళు పోస్తే 11 లీటర్లవుతాయి, వెన్న 5.45 శాతానికి దిగుతుంది. లీటరు రేటు ఉన్నచోట ఆ మనిషికి ఒక లీటరు డబ్బు ఊరికే వచ్చినట్టు. అదే వెన్న బరువుకు డబ్బిచ్చేచోట? క్యానులో ఉన్న వెన్న నీళ్ళు పోయకముందు సుమారు 600 గ్రాములు, పోశాక కూడా అంతే. బోరు నీళ్ళు మోసుకొచ్చిన శ్రమ తప్ప ఒరిగేదేమీ లేదు. మీరు ఎవరినీ ఆపక్కర్లేదు, తిట్టక్కర్లేదు.

అయితే వెన్న ఒక్కటే చూసి రేటు కడితే ఇంకో చిక్కు వస్తుంది. ఆవు పాలలో వెన్న తక్కువ. వెన్న కాని ఘనపదార్థం, అంటే మనవాళ్ళు ఎస్‌ఎన్‌ఎఫ్ అనేది, గేదె పాలతో పోలిస్తే మరీ తీసిపోదు. వెన్నకే డబ్బయితే ఆవులున్న రైతు నష్టపోయి, మెల్లగా ప్రైవేటు వ్యానుకు పోయడం మొదలుపెడతాడు. డెయిరీలు రెండింటికీ వేర్వేరుగా కిలో రేటు పెట్టడం ఇందుకే.

ఇక కొలత. పాల సాంద్రత చూపే లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్మకండి. నీళ్ళు కలిపితే రీడింగు తగ్గుతుంది, నిజమే. మీగడ తీసేస్తే మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే వెన్న పాలకన్నా తేలిక. కాబట్టి కాస్త మీగడ తీసి కాస్త నీళ్ళు పోసినవాడి పాలలో లాక్టోమీటరు ఏమీ ఎరగనట్టు సరైన గీత దగ్గరే నిలబడుతుంది. ఒకే శాంపిల్ మీద వెన్న పరీక్ష, లాక్టోమీటరు రెండూ చేస్తేనే దొంగ దొరుకుతాడు. పాలు వెచ్చగా ఉన్నా రీడింగు తగ్గుతుంది. అప్పుడే పితికి తెచ్చిన నిజాయితీపరుడు ఆ రోజు దొంగగా లెక్కలోకి వస్తాడు. అందుకని ఉష్ణోగ్రత సవరణ పట్టిక గోడకు అంటించి ఉండాలి.

ఇంతవరకు అందరూ ఆలోచించేదే. చాలామంది వదిలేసేది కొలిచే మనిషిని. మీగడ పైకి తేలుతుంది. క్యానును బాగా కలపకుండా పైన ముంచి శాంపిల్ తీస్తే వెన్న ఎక్కువ చూపిస్తుంది. పాలుపోసేవాడు తనకు కావలసినవాడైతే అలాగే తీయొచ్చు. వెన్న శాతం కొలిచే గెర్బర్ పద్ధతిలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోస్తారు. పిపెట్‌లో పాలు గీతకు కాస్త కిందికి ఆపితే చాలు, వెన్న తక్కువ తేలుతుంది. మీ తరఫున పనిచేసే మనిషికీ మీకూ ప్రయోజనాలు వేరయినప్పుడు పడే ఇలాంటి నష్టాన్నీ, దాన్ని ఆపడానికి పెట్టే కాపలా ఖర్చునూ కలిపి ఆర్థికవేత్తలు జెన్సెన్, మెక్లింగ్ 1976లో ఏజెన్సీ ఖర్చు అన్నారు.

దీన్ని పట్టుకునే దారి సులువే. పూట పూటకూ రైతుల ఖాతాల్లో రాసిన వెన్న కిలోలన్నీ కూడండి. డెయిరీ మీ క్యాన్లకు ఇచ్చిన రసీదులో వెన్న కిలోలు చూడండి. తేడా ఒకరోజు ఇటు, ఒకరోజు అటు ఉంటే అది మామూలు పొరపాటు. నెలంతా మీకే మిగులు వస్తుంటే కేంద్రంలో రైతుకు తక్కువ కొలుస్తున్నారు. నెలంతా తరుగు వస్తుంటే పైన ముంచి తీస్తున్నారు, లేదా దారిలో పోతున్నాయి. ఆ మిగులులో పరీక్ష చేసేవాడికి వాటా ఇచ్చే అలవాటు మీకుంటే ఈ రోజే మానేయండి. మీ డబ్బుతోనే తప్పు కొలత కొంటున్నారు.

మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చకండి. మొదటి 15 రోజులు పాత రేటుకే డబ్బివ్వండి, చీటీ మీద మాత్రం కొత్త లెక్కలో ఎంత వచ్చేదో పక్కన రాయండి. గొడవంతా ఆ పదిహేను రోజుల్లో, డబ్బు పోకముందే జరిగిపోతుంది. ఎస్‌ఎన్‌ఎఫ్‌కు డబ్బు మొదలయ్యాక చక్కెర, యూరియా కలిపేవాడు ఒకడు పుడతాడు. ఏ కొలత పెట్టినా దానికి తగ్గ మోసం తయారవుతుంది. వారానికి కొన్ని శాంపిళ్ళు చెప్పకుండా డెయిరీ ల్యాబుకు పంపండి.

ప్రశ్న: మా షోరూంలో అందరికన్నా బాగా అమ్మే కుర్రాడిని మేనేజర్‌ను చేశాం. ఇప్పుడు అమ్మకాలూ పోయాయి, మేనేజరూ లేడు. ఎక్కడ పొరబడ్డాం? (వ్యాపారి, విజయవాడ)

జవాబు: ఒక పనిలో చూపిన నేర్పుకు బహుమానంగా వేరే పని ఇచ్చారు. మనిషి తనకు చేతకాని మెట్టు వచ్చేదాకా ఎక్కుతూ పోయి అక్కడ ఆగిపోతాడని లారెన్స్ పీటర్ 1969లో సగం వేళాకోళంగా రాశాడు, కానీ అది అక్షరాలా జరుగుతూనే ఉంటుంది. బాగా అమ్మేవాడికి జీతం పెంచండి, హోదా పేరు మార్చండి, కుర్చీ మార్చకండి. మార్చక తప్పకపోతే మూడు నెలలు తాత్కాలిక బాధ్యత ఇచ్చి, వెనక్కి వస్తే పాత కమిషన్ అలాగే ఉంటుందని ముందే కాగితం మీద రాసివ్వండి. ఇప్పుడున్న కుర్రాడికి కూడా ఆ కాగితం ఇవ్వొచ్చు, ఆలస్యమేమీ కాలేదు.

ప్రశ్న: రాజమండ్రిలో మాది బ్లౌజుల కుట్టు దుకాణం. కటింగ్ మాస్టర్ రోజుకు 20 కట్ చేస్తాడు. నాలుగు మెషిన్లు, ఒక్కోదాని మీద 6 వస్తాయి. హెమ్మింగ్, హుక్సు, కాజాలు చేసేవాళ్ళు ఇద్దరు, ఒక్కొక్కరు 9 చేస్తారు. ప్రస్తుతం చేతిలో 144 బ్లౌజులున్నాయి. అందరూ పొద్దస్తమానం పనిలోనే ఉంటారు, అయినా నాలుగు రోజులని చెప్పింది వారం దాటుతోంది. ఐదో మెషిన్ కొనాలనుకుంటున్నాం. (దుకాణం యజమానురాలు)

జవాబు: కొనకండి. మీరే రాసిన అంకెల్లో జవాబుంది. కటింగ్ 20, కుట్టు 24, చేతిపని 18. దుకాణం నుంచి రోజుకు బయటికి వెళ్ళగలిగేవి 18 మాత్రమే. ఐదో మెషిన్ వస్తే కుట్టు 30 అవుతుంది. చేతిపని బుట్ట ఇంకా నిండుతుంది. గుమ్మం దాటేవి మళ్ళీ 18.

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది: చేతిలో ఉన్న పనిని రోజుకు పూర్తయ్యే పనితో భాగిస్తే సగటున పట్టే రోజులు వస్తాయి. 144ను 18తో భాగించండి, 8 రోజులు. మీవాళ్ళు నెమ్మదిగా చేయడం లేదు. మీరు చెప్పిన తేదీయే తప్పు. నాలుగు రోజుల్లో ఇవ్వాలంటే ఏ సమయంలోనైనా దుకాణంలో 72 కన్నా ఎక్కువ ఉండకూడదు.

ఇరుకు, అంటే మొత్తం పనిని ఆపుతున్న చోటు, ఎక్కడుందో తెలిశాక ఏం చేయాలన్నది ఎలియాహు గోల్డ్‌రాట్ 1984 నుంచి చెబుతూ వచ్చాడు. ఆయన భౌతిక శాస్త్రవేత్త, ఫ్యాక్టరీల మీదికి మళ్ళాడు. ముందు ఆ ఇరుకులో ఉన్నవాళ్ళ సమయం వృథా పోకుండా చూడాలి. మీ ఉత్తరంలో ఇంకో చోట, ఇస్త్రీ చేసేదీ, ప్యాకింగూ, వచ్చినవాళ్ళకు బ్లౌజు వెతికి ఇచ్చేదీ కూడా హుక్సు కుట్టే ఇద్దరేనని రాశారు. ఆ మూడు పనులూ వాళ్ళ నుంచి తీసేయండి. మెషిన్ల మీద 6 బ్లౌజుల వెసులుబాటు ఉంది కదా, ఒక కుట్టుమనిషి సాయంత్రం గంట ఇస్త్రీ దగ్గర నిలబడితే నష్టం లేదు. రెండోది కాస్త కష్టం: కటింగ్ మాస్టర్‌ను 18 దగ్గర ఆపాలి. ఖాళీగా కూర్చున్న మాస్టర్‌ను చూడలేక యజమానులు మరో రెండు కట్ చేయించేస్తారు. ఆ రెండూ బుట్టలో చేరి, ఎవరి జాకెట్టు ఎక్కడుందో తెలియక వెతుకులాట పెంచుతాయి, వెతికేది మళ్ళీ ఆ ఇద్దరే. మూడోది, హుక్సు, హెమ్మింగ్ ముక్క లెక్కన ఇళ్ళకు ఇవ్వడం. ఇళ్ళకిచ్చే ప్రతి బ్లౌజుకూ చీటీ కుట్టండి, లేకపోతే లైనింగు రంగును బట్టి గుర్తుపట్టుకోవలసి వస్తుంది.

చేతిపని 26కు చేరిందనుకోండి. ఇరుకు కటింగ్‌కు మారుతుంది, 20 దగ్గర. అప్పుడు చూడాల్సింది కొలతలు ఎవరు తీస్తున్నారని. మాస్టరే తీస్తుంటే వచ్చిన ప్రతి మనిషికీ కత్తెర ఆగుతోందన్నమాట. కొలతలు మీరు తీయండి.

ఇంకొక్క మాట. రోజుకు 18 అయ్యే దుకాణంలో రోజుకు 18 ఒప్పుకోకండి. ఒకే కౌంటరున్న వరుసకు వాడే మామూలు లెక్కలో, సామర్థ్యంలో 80 శాతం పని వస్తుంటే వేచి ఉండే సమయం పని పట్టే సమయానికి 4 రెట్లు, 90 శాతం వస్తుంటే 9 రెట్లు, 95 శాతానికి 19 రెట్లు. చివరి కొద్దిపాటి శాతాలే ప్రాణం తీస్తాయి. మామూలు రోజుల్లో 15 దగ్గర ఆపండి. శ్రావణమాసంలో ఎలాగూ ఆపలేరు కనుక అప్పుడు తేదీ మార్చి చెప్పండి. ఆషాఢంలోనే గుడ్డ ఇచ్చిన వాళ్ళకు ఏదో ఒక తగ్గింపు ఇవ్వడం ఇంకా మేలు.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఉద్యోగిస్వామ్యం (బ్యూరోక్రసీ) అంటే మనకు ఆలస్యం, ఫైళ్ళు, నిర్లక్ష్యం. మాక్స్ వెబర్ దాన్నే అత్యంత సమర్థమైన పద్ధతి అన్నాడని పుస్తకాల్లో ఉంది. ఎలా అర్థం చేసుకోవాలి? (అభ్యర్థి, కర్నూలు)

జవాబు: జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వెబర్ దేనితో పోల్చి అన్నాడో చూడాలి. ఆయన 1920లో చనిపోయాడు, ఈ విషయం ఉన్న గ్రంథం 1922లో అచ్చయింది. ఆయన పోల్చింది వంశపారంపర్యంగానో, ప్రభువు దయతోనో పదవి దక్కే పాత ఏర్పాట్లతో. మనకు ఆ పోలిక కోసం జర్మనీ దాకా వెళ్ళనక్కర్లేదు, ఊరి భూముల లెక్కలు రాసిన కరణాలు చాలు.

కరణీకం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఏ సర్వే నంబరు ఎవరి అనుభవంలో ఉందో, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో ఆ ఇంటికే తెలుసు. లెక్కల కట్టలు చాలా ఊళ్ళలో కరణంగారి ఇంట్లోనే ఉండేవి. కరణం సాటి కరణాన్ని కూడా నమ్మి మర్మం చెప్పకూడదని సుమతీ శతకంలో ఒక పద్యం ఉంది. కార్యాలయానికి చెందాల్సిన సమాచారం మనిషి సొంత ఆస్తిగా ఉండడమంటే అదే. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. తర్వాత ఊళ్ళోకి వచ్చిన ఉద్యోగి జీతానికి పనిచేసేవాడు, బదిలీ అయ్యేవాడు, వెళ్ళేటప్పుడు రికార్డులు అప్పగించి వెళ్ళాల్సినవాడు. 2020లో తెలంగాణ వీఆర్వో పోస్టులను చట్టంతో రద్దుచేసి, ఆ ఉద్యోగులను తర్వాత ఇతర శాఖల్లో సర్దింది. పోస్టు పోయినా మనిషి ఉన్నాడు. పోస్టు వేరు, మనిషి వేరు అయినప్పుడే అది సాధ్యం.

వెబర్ లక్షణాలను ఈ చిత్రంలో పెట్టి చదవండి: రాతపూర్వక నియమాలు, అధికార శ్రేణి, అర్హతను బట్టి నియామకం, స్థిరమైన జీతం, పదవి సొంత ఆస్తి కాకపోవడం, ఫైలు. ఫైలంటే మనకు చిరాకు. కానీ మీ నాన్నగారి పాసుపుస్తకం దరఖాస్తు ఎవరి బల్ల మీద, ఎన్నో తారీఖున ఆగిందో అడిగే వీలు ఫైలు వల్లనే ఉంది.

మెచ్చుకున్నాడన్నది సగం నిజం. యంత్రంలా కచ్చితంగా పనిచేస్తుందన్నాడు. ఆ యంత్రంలో మనిషి బందీ అవుతాడనీ భయపడ్డాడు. మీరన్న ఆలస్యాన్ని వివరించింది అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్, 1940లో: నియమం దేనికోసం పుట్టిందో మరిచి నియమమే లక్ష్యమైపోవడం. పెన్షన్ కోసం ఎదురుగా నిలబడ్డ ముసలాయన్నే బతికున్నట్టు ధ్రువపత్రం తెమ్మనడం లాంటిది. పరీక్షలో వెబర్, మెర్టన్ ఇద్దరినీ రాయండి. ఒకరినే రాస్తే జవాబు సగమే.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక నిర్మాణ సంస్థలో జూనియర్ ఇంజనీరును. సైట్ ఇన్‌చార్జి గురువారం స్లాబ్ వేసేయమంటారు. హెడ్డాఫీసు క్వాలిటీ మేనేజర్ కడ్డీలు చూసేదాకా ఆగమంటారు. ఎవరి మాట విన్నా రెండోవారితో తిట్లు తప్పడం లేదు.

జవాబు: ఫ్రెంచి గని ఇంజనీరు హెన్రీ ఫయోల్ 1916లో చెప్పిన 14 సూత్రాల్లో ఆదేశ ఏకత ఒకటి: ఒక మనిషికి ఒక్కరే ఆదేశాలివ్వాలి. మీ సంస్థ దాన్ని తెలిసే పక్కన పెట్టింది, అందులో తప్పు లేదు. నాణ్యత చూసేవాడు కూడా సైట్ ఇన్‌చార్జి కిందే ఉంటే ప్రతి స్లాబూ అనుకున్న గురువారమే పడుతుంది, కడ్డీలు ఎలా ఉన్నా సరే. తప్పు జరిగింది ఇద్దరికీ ఒకే రకం అధికారం ఇవ్వడంలో.

ఇన్‌చార్జికి పని మొదలుపెట్టించే అధికారం ఉండాలి. క్వాలిటీ మేనేజర్‌కు ఆపే అధికారం ఉండాలి, ఫలానా పని చేయమని చెప్పే అధికారం ఉండకూడదు. ఈ తేడా కాగితం మీద లేనంతకాలం మీకు తిట్లు తప్పవు.

ఆ కాగితం మీ రంగంలో ఇప్పటికే ఉంది, పోర్ కార్డ్. షట్టరింగ్, కడ్డీలు, వాటిని షట్టరింగ్‌కు తగలకుండా ఎడంగా ఉంచే కవర్ బ్లాకులు, కరెంటు పైపులు చూసి ఇద్దరూ సంతకం పెడితేనే కాంక్రీటు పోయాలి. చాలా సైట్లలో ఇది ఉత్త తంతుగా మారడానికి కారణం సంతకం సమయం. ట్రాన్సిట్ మిక్సర్ గేటు దగ్గర డ్రమ్ము తిప్పుతూ నిలబడ్డాక కార్డు ముందుకు తోస్తే ఎవరైనా సంతకం పెట్టేస్తారు. లారీలో సరుకు గట్టిపడుతుంటే కవర్ బ్లాకులు ఎవరు లెక్కపెడతారు? ముందు రోజు సాయంత్రం నాలుగు లోపు కార్డు మీద రెండు సంతకాలు పడితేనే కాంక్రీటు ఆర్డరు ఫోను చేయాలన్న నియమం పెట్టించండి. ఇద్దరికీ కుదరకపోతే ఇద్దరికీ పైనున్న ప్రాజెక్టు మేనేజర్ రెండు గంటల్లో తేల్చాలి. తేల్చాల్సినవాడు జూనియర్ ఇంజనీరు కాదు. అప్పటిదాకా వచ్చిన ఆదేశాన్ని ఇద్దరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో "ఫలానా సమయానికి ఫలానా ఆదేశం అందింది, క్వాలిటీ అనుమతి ఇంకా రాలేదు" అని రాసి పెట్టండి. ఫిర్యాదులా కాకుండా సమాచారంలా ఉండాలి.

ప్రశ్న: ఒకరి కింద ఎంతమంది ఉంటే మంచిది? (నర్సింగ్ సూపరింటెండెంట్, గుంటూరు)

జవాబు: ఒకే అంకె లేదు. ఉందనుకున్నవాళ్ళలో ప్రసిద్ధుడు గ్రైకూనాస్. మనుషుల సంఖ్య కన్నా, పెద్దకూ కిందివాళ్ళకూ, కిందివాళ్ళలో వాళ్ళకూ ఉండే సంబంధాల సంఖ్య వేగంగా పెరుగుతుందని ఆయన 1933లో లెక్క కట్టాడు. కింద నలుగురుంటే 44 సంబంధాలు, ఐదుగురుంటే 100, ఆరుగురైతే 222. ఇవన్నీ ఉండగల సంబంధాలే తప్ప రోజూ ఉండేవి కావు. కాబట్టి ఆరో మనిషిని చూసి హడలిపోనక్కర్లేదు.

రెండో వైపు కూడా చూడండి. 256 మంది సిబ్బందికి నలుగురికొకరు చొప్పున పెద్దలను పెడితే నాలుగు అంతస్తులు, 85 మంది పెద్దలు కావాలి. 16 మందికొకరైతే రెండు అంతస్తులు, 17 మంది చాలు. పైనుంచి చెప్పిన మాట ప్రతి అంతస్తు దగ్గరా కొంచెం రంగు మారుతుంది. ఒకే వార్డులో ఒకే రకం పని, రాసిపెట్టిన పద్ధతి, పాత సిబ్బంది ఉంటే 15 మందిని ఒకరు చూడగలరు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, కాన్పుల వార్డు ఒకరి కిందే ఉంటే ఐదారుగురు ఇన్‌చార్జిలే ఎక్కువ. కొత్తవాళ్ళు చేరిన నెలల్లో ఆ సంఖ్య ఇంకా తగ్గించాలి.

ప్రశ్న: ప్యాకింగ్ సెక్షన్‌లో గ్రూపుకు కలిపి ముక్కరేటు పెట్టాం. ఎక్కువ చేస్తే అందరికీ ఎక్కువ వస్తుంది. అయినా మధ్యాహ్నం మూడున్నరకే "ఈ రోజుకు చాలు" అన్నట్టు చేతులు నెమ్మదిస్తాయి. డబ్బు చేదా? (సూపర్‌వైజర్, మేడ్చల్)

జవాబు: చేదు కాదు, భయం. షికాగో పక్కనున్న సిసిరోలో, వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాథార్న్ ఫ్యాక్టరీలో 1931, 32లో 14 మందిని ఒక గదిలో పెట్టి గమనించారు: తొమ్మిది మంది తీగలు చుట్టేవాళ్ళు, ముగ్గురు టంకం పెట్టేవాళ్ళు, ఇద్దరు తనిఖీదారులు. దాన్ని బ్యాంక్ వైరింగ్ గది అంటారు. బ్యాంక్ అంటే డబ్బుల బ్యాంకు కాదు, టెలిఫోన్ స్విచ్చింగులో వరుసగా ఉండే టెర్మినళ్ళు. అక్కడా మీ దగ్గరలాగే గ్రూపు ముక్కరేటు. రోజుకు రెండు యూనిట్లు చాలని వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. మించితే హేళన, భుజం మీద ఒక గుద్దు. మరీ తక్కువ చేసినా మాట పడేది. ఎక్కువ చేసిన రోజు ముక్కలు కొన్ని దాచి, తక్కువ చేసిన రోజు చూపించేవారు. హాథార్న్ అనగానే లైట్లు పెంచితే ఉత్పత్తి పెరిగింది, తగ్గించినా పెరిగింది అన్న కథ చెబుతారుగానీ, సూపర్‌వైజర్లకు పనికొచ్చేది ఈ గదే.

వాళ్ళ లెక్క మూర్ఖం కాదు. ఎక్కువ చేసి చూపిస్తే యాజమాన్యం రేటు తగ్గిస్తుంది, లేదా నలుగురిని తీసేస్తుంది, నెమ్మదిగా చేసే పెద్దావిడ అందరి కళ్ళలో పడుతుంది. మీ సెక్షన్‌లో గత రెండు మూడేళ్ళలో రేటు ఎప్పుడైనా తగ్గించారా? తగ్గించి ఉంటే మీ ప్రశ్నకు జవాబు అదే. యంత్రంగానీ ప్యాకింగ్ పద్ధతిగానీ మారితే తప్ప ముక్కరేటు ముట్టుకోబోమని, ఏడాది పాటు ఎవరినీ తీసేయబోమని రాసి సంతకం పెట్టి గోడకు అంటించండి. మొదటి నెల ఏమీ మారదు. వాళ్ళు మొదటి పెద్ద మొత్తం వచ్చిన నెల తర్వాతి నెల జీతం చీటీ చూస్తారు, రేటు అలాగే ఉందా అని. ఆ చీటీ వచ్చేదాకా తొందరపడి మందలించకండి. అప్పటికీ కదలకపోతే మూడున్నరకు పెట్టెలో, టేపులో, ట్రాలీలో ఏదైనా అయిపోతోందేమో చూడండి. మనుషుల మనస్తత్వమనుకున్నది ఒక్కోసారి అట్టపెట్టెల కొరతగా తేలుతుంది.

ప్రశ్న: ఊళ్ళోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన మా గ్రామైక్య సంఘానికి తొమ్మిదేళ్ళుగా ఒకావిడే అధ్యక్షురాలు. డబ్బు తిన్నదని కాదు, మంచిదే. కానీ ఏదైనా ఆమెకే తెలుసు, మేం వేలిముద్ర వేసి రావడమే. మారుద్దామంటే ఎవరూ ముందుకు రారు. (సభ్యురాలు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: 1911లో రాబర్ట్ మిచెల్స్ జర్మనీలోని సోషలిస్టు పార్టీని పరిశీలించి ఇదే చెప్పాడు. సమానత్వం కోసం పుట్టిన సంఘాల్లో కూడా అధికారం కొద్దిమంది చేతుల్లోకి చేరుతుంది, వాళ్ళు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు. బ్యాంకు మేనేజరుకు ఆమె ముఖం తెలుసు. పైనుంచి సంఘాలను చూసే సిబ్బంది, అంటే సీసీ, ఏపీఎం, ఫోను చేసేది ఆమెకే. సంఘాలకు బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణానికి ఏ కాగితాలు కావాలో ఆమెకే గుర్తు. మీరు మార్చాల్సింది ఆమెను కాదు, ముందు ఆ తెలిసిన విషయాలను నలుగురికి పంచాలి.

పొదుపు సంఘాలకు చెప్పే పంచసూత్రాల్లో సమావేశం, పొదుపు, అప్పు, వాయిదా, పుస్తకం ఉన్నాయి. మీ దగ్గర మొదటి నాలుగూ నడుస్తున్నట్టే ఉంది, ఐదోది మాత్రం సంఘం లెక్కలు రాసే యానిమేటర్, అధ్యక్షురాలు తప్ప ఎవరూ తెరవడం లేదు. వచ్చే మూడు నెలలు బ్యాంకుకు వెళ్ళినప్పుడల్లా అధ్యక్షురాలితో పాటు ఒక కొత్త సభ్యురాలు వెళ్ళాలని తీర్మానం రాయండి, వంతుల జాబితాతో సహా. ఛార్జీలు సంఘం ఇవ్వాలి, కూలి పోయే రోజైతే ఎవరూ రారు. అధ్యక్షురాలి ఫోన్‌లో ఉన్న నంబర్లు మినిట్స్ పుస్తకం చివరి పేజీలో రాయించండి. రుణం దరఖాస్తుకు పెట్టిన కాగితాల జాబితా కూడా అక్కడే. అప్పుడు ఎన్నిక పెట్టండి. పదవీకాలం రెండేళ్ళని తీర్మానించి, దిగిపోయినావిడ ఆరు నెలలు సలహాదారుగా కూర్చునే ఏర్పాటు చేస్తే ఆమెకూ చిన్నతనం ఉండదు.

వీటన్నిటికన్నా ముందు, వచ్చే సమావేశంలోనే చేయగలిగింది ఒకటుంది. పాసుపుస్తకం తెరిచి, కిందటి నెల నిల్వ ఎంత, ఈ నెల ఎంత, మధ్యలో ఏ చెక్కు ఎవరికి వెళ్ళిందో పైకి చదివించండి. చదివేది అధ్యక్షురాలు కాకూడదు, యానిమేటరూ కాకూడదు. చదువు రాని సభ్యులు ఎక్కువుంటే ఇంటర్ చదివే ఎవరి కూతురినైనా పిలవండి. పది నిమిషాల పని.